సుగుణ మేడం చదివించిన డబ్బా

మొన్న ఆదివారం పక్క వాటా ఆయన గులాబీ కుండీలకు పురుగు పట్టిందని ఏదో మందు తెచ్చి కొట్టాడు. నేను వంటింట్లో ఉన్నాను. కిటికీలోంచి వాసన వచ్చింది. నలిగిన వెల్లుల్లి, కిరసనాయిలు కలిపి ఎండలో పెడితే ఎలా ఉంటుందో అలా. నోటి దాకా తెచ్చుకున్న మంచినీళ్ళ గ్లాసును గట్టు మీద పెట్టేశాను. నాకు అరవై దాటాయి. ఆ వాసన తగిలితే మాత్రం పదిహేడేళ్ళ పిల్లనై, పరాయి ఇంటి గుమ్మంలో నిలబడి ఉంటాను. ఆ గుమ్మం దాకా నన్ను నడిపించినామె సుగుణ కుమారి గారు. ఒంగోలులో నేను డిగ్రీ చదివిన ఆడపిల్లల కాలేజీలో ఆమె కెమిస్ట్రీ లెక్చరర్. మేమంతా సుగుణ మేడం అనేవాళ్ళం.

ఎనభైల మొదట్లో మాట. ఇంటర్ పాసై, డిగ్రీలో సీటు వచ్చి, కాలేజీ తెరవడానికి ఇంకా ఆరు వారాలుందనగా మా ఊరికి ఒక కార్డు వచ్చింది. తెలుగు మీడియంలో చదివి కొత్తగా చేరబోతున్న అమ్మాయిలకు వేసవిలో ఉచితంగా తరగతులు పెడుతున్నామనీ, పొద్దున ఇంగ్లీషు, కెమిస్ట్రీ చెబుతామనీ, మధ్యాహ్నాలు ఊళ్ళకు వెళ్ళి నలుగురికీ పనికొచ్చే పని చేయాలనీ అందులో ఉంది. మా నాన్న రాఘవయ్య నల్లరేగడిలో పత్తి, మిరప పండించే రైతు. ఆ కార్డును అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఊరికే ఎవురు చెబుతారమ్మా చదువు? ఏదో ఉంటది ఇందులో," అన్నాడు.

"ఏముంటే ఏంది, పోయి చూసి రానీ," అంది అమ్మ.

ఒంగోలుకు పొదిలి దారిలో బస్సులో ముప్పావు గంట. వెళ్ళాను. ఇరవై ఇద్దరం చేరాం. తిరగని ఫ్యాను కింద నిలబడి ఉంది సుగుణ మేడం. నేత చీర కట్టుకున్న సన్నటి మనిషి, నలభై ఏళ్ళుంటాయేమో, మెడలో చిన్న శిలువ తప్ప నగ లేదు. ఆ వేసవి అంతా ఆమె జీతం లేకుండా, సెలవులు వదులుకుని పాఠాలు చెప్పిందని మాకు చాలాకాలం తరవాత గాని తెలియలేదు. మొదటి రోజు ఆమె పుస్తకం తెరవలేదు. సంచిలోంచి పత్తికి కొట్టే మందు డబ్బా ఒకటి తీసి బల్ల మీద పెట్టింది. ఖాళీ రేకు డబ్బా. ఎర్ర ముక్కోణంలో పుర్రె బొమ్మ, దాని కింద చీమల బారులా ఇంగ్లీషు అక్షరాలు.

"మీలో రైతు పిల్లలు ఎంతమంది?" అని అడిగింది. దాదాపు అందరం చేతులెత్తాం. "అయితే ఇది మీ ఇళ్ళల్లో ఉన్నదే. చదవండి."

ఒకళ్ళ తరవాత ఒకళ్ళం లేచాం. అక్షరాలు పలికాం, అర్థం ఒక్కరికీ తెలియలేదు. ఏడేళ్ళు ఇంగ్లీషు చదివి, పరీక్షల్లో మార్కులు తెచ్చుకుని, మా ఇంటి పశువుల కొట్టంలో ఉన్న డబ్బా మీద ఏం రాసి ఉందో చెప్పలేకపోయాం. ఆమె మమ్మల్ని ఒక్క మాట అనలేదు. 'డిస్ట్రాయ్' అంటే నాశనం చేయడం, 'కంటైనర్' అంటే పదార్థం నింపే డబ్బా, అని బోర్డు మీద ఒక్కో మాటా రాస్తూ వచ్చింది. ఆ వారమంతా మా ఇంగ్లీషు పాఠం ఆ డబ్బానే. కెమిస్ట్రీ పాఠం దానిలోపల ఉన్నది. నరాలను ఎలా పట్టుకుంటుందో, చర్మంలోంచి కూడా ఎలా లోపలికి పోతుందో, ఎన్నిసార్లు కడిగినా రేకు అతుకుల్లో ఎలా మిగిలిపోతుందో చెప్పింది. వారం చివర మా ప్రాజెక్టు ఏమిటో చెప్పింది. ఒక ఊరు తీసుకుని, ఏ ఇంట్లో ఇలాంటి డబ్బాలు దేనికి వాడుతున్నారో రాసుకురావాలి. ఆ జాబితా ప్రకారం ప్రతి డబ్బాకూ బదులుగా ఒక సత్తుబిందె ఇచ్చి, డబ్బాలను తెచ్చి పాతిపెట్టాలి. బిందెల కోసం ఆమె అప్పటికే ఒంగోలులో పొగాకు వ్యాపారుల ఇళ్ళ మెట్లూ, చర్చి మెట్లూ ఎక్కి దిగుతోంది.

మేడం ఎంచుకున్నది మా ఊరు. నాకు గర్వంగా అనిపించింది.

జాబితా రాసుకోవడానికి వెళ్ళిన రోజు అందరం ముందు మా ఇంటికి వెళ్ళాం. అమ్మ స్టీలు గ్లాసుల్లో మజ్జిగ ఇచ్చింది. "ఏ ఊరమ్మా మీది?" అని మేడంను అడిగింది. "ఇప్పుడు ఒంగోలేనండి," అంది ఆమె. తరవాత మమ్మల్ని పల్లెకు తీసుకువెళ్ళింది. ఊరికి దక్షిణాన చర్చి చుట్టూ ఉన్న ఇళ్ళను పల్లె అనేవాళ్ళం. మా చేలల్లో పత్తి తీయడానికీ, మిరప కోయడానికీ వచ్చేవాళ్ళంతా అక్కడివాళ్ళే. పదిహేడేళ్ళలో నేను ఆ పల్లెలో అడుగుపెట్టింది లేదు. దారి చూపించాల్సింది నేను. కానీ మేడం ముందు నడిచింది. చర్చి అరుగు మీద ఆమె కూర్చోగానే ఒక ముసలామె వచ్చి రెండు చేతులూ పట్టుకుని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. టీచరంటే వీళ్ళకెంత గౌరవమో అనుకుని, కాగితాలు తీసుకుని నా వరస ఇళ్ళ వైపు వెళ్ళాను.

నాలుగో ఇల్లు మరియమ్మది. మా చేలో కలుపు తీసేటప్పుడు చూసిన మనిషే, పేరు మాత్రం ఆ రోజే తెలిసింది. చంకలో ఏడాది బిడ్డ. నన్ను చూసి కంగారుపడి గోనెపట్టా పరిచింది.

"అమ్మాయిగారు, ఎండనపడి వచ్చారు. మంచినీళ్ళు తాగుతారా?" అంటూ మూలనున్న డబ్బా మూత తీసి గ్లాసు ముంచింది.

ముక్కోణం సగం చెరిగిపోయింది. పుర్రె కళ్ళు కనిపిస్తున్నాయి. నేను నేర్చుకున్న పాఠం అప్పజెప్పినట్టు వంగి, ఒక్కో మాటా చదివి ఆమెకు తెలుగులో చెప్పడం మొదలుపెట్టాను. వాడాక ఈ డబ్బాను నాశనం చేయాలి, తిండికీ నీళ్ళకూ వాడకూడదు, అంటూ డబ్బాను ఇటు తిప్పాను. రెండో వైపు తెల్ల రంగుతో 'కొ.రా.' అని రాసి ఉంది. దుకాణం నుంచి తెచ్చినవి వేరేవాళ్ళవాటితో కలిసిపోకుండా మా నాన్న కుంచెతో రాసుకునే ఇంటిపేరూ పేరూ పొడి అక్షరాలు. 'రా'కు ఆయన పెట్టే పెద్ద దీర్ఘం. వేలితో ఆ అక్షరాలను తడిమాను.

"మీ నాయనగారే ఇచ్చారమ్మా," అంది మరియమ్మ, నేను డబ్బాను గుర్తుపట్టినందుకు సంతోషపడుతూ. "నీళ్ళకు దూరం పోతున్నావు గదా, తేలిగ్గా ఉంటది తీసుకోమన్నారు. సోడాతో మూడుసార్లు కడిగినా. దీని నీళ్ళే తాగుతున్నాం, బాగానే ఉంది." చంకలో బిడ్డ ఆ గ్లాసు కోసం చేయి చాచింది. ఆమె తాగించింది. నేను చూస్తూ నిలబడ్డాను. ఆపాలని తెలుసు. చేయి లేవలేదు.

"నీకు ఈ ఒక్కతేనా?" అని అడిగాను, ఏదో ఒకటి అనాలని.

"పెద్దది ఉండేది. పోయిన కార్తీకంలో మూర్ఛలొచ్చి పోయింది. నాలుగేళ్ళు," అంది.

డబ్బా ఎప్పటి నుంచి వాడుతున్నారో నేను అడగలేదు. బయటికి వచ్చి, కాగితం మీద ఆ ఇంటి వరసను ఖాళీగా వదిలేసి, పక్కింటికి వెళ్ళాను.

మర్నాడు తరగతిలో మేడం కాగితాలన్నీ చూసింది. అందరూ వెళ్ళాక నన్ను ఆపింది.

"విజయా, నీ వరసలో ఒక ఇల్లు తక్కువైంది."

"తలుపు వేసి ఉంది మేడం," అన్నాను.

కోప్పడుతుందనుకున్నాను. ఆమె చాలా మామూలుగా, రేపటి పని చెబుతున్నట్టుగా అంది: "నువ్వు రాయకపోతే మీ ఇంటికి చెడ్డపేరు రాదు, నిజమే. కానీ బిందెలు ఈ జాబితా చూసే ఇస్తాం. ఇందులో లేని ఇంట్లో డబ్బా అలాగే ఉండిపోతుంది. ఆ పిల్ల రేపు కూడా అందులో నీళ్ళే తాగుతుంది."

పల్లెలో ఎవరు చెప్పారో గాని, ఆమెకు తెలుసు. ఏ ఇల్లో, ఆ డబ్బా ఎవరిదో తెలిసే నన్ను అడిగింది. నేను నా తండ్రి పరువు దాచాననుకున్నాను. దాచింది ఒక బిడ్డ నోటి ముందున్న విషాన్ని. అక్కడే కూర్చుని ఏడుస్తూ రాశాను. 'డబ్బా ఒకటి, తాగేనీళ్ళకు' అని రాసి, పెద్దపిల్ల సంగతి కూడా రాయబోయాను. ఆమె నా చేయి ఆపింది. "అది మనకు తెలియదు. చూసింది రాయి. అనుకున్నది రాయకు." తరవాత, "మీ నాన్నగారికి నువ్వే చెప్పు. నేను చెబితే అది గొడవ అవుతుంది. నువ్వు చెబితే కబురు అవుతుంది," అంది.

సాయంత్రం నాన్న అరుగు మీద కూర్చుని ఉండగా చెప్పాను. ముందు ఆయనకు కోపమే వచ్చింది.

"మన మజ్జిగ తాగిపోయి మన మీదే రాతలా? నేను మంచికే ఇచ్చానమ్మా. ఊళ్ళో అందరూ ఇస్తారు."

నేను కొట్టంలోకి వెళ్ళి ఒక డబ్బా తెచ్చి ఆయన ముందు పెట్టి, మొదటి నుంచి చివరి దాకా చదివి వినిపించాను. పదేళ్ళుగా ఆ మందు కొడుతున్న మనిషి. అమ్మినవాడు ఒక్కనాడూ చదివి చెప్పలేదు. నాన్న వింటూ వింటూ తలెత్తి అమ్మ వైపు చూశాడు. అమ్మ లేచి లోపలికి వెళ్ళింది. నిచ్చెన వేసి అటక మీద నుంచి కందుల డబ్బా దించింది. కాగితం గీకేసిన డబ్బా. మూత తీసింది. కందుల వాసన వెనక సన్నగా వెల్లుల్లి వాసన. ఆ కందుల పప్పే ఆ మధ్యాహ్నం కూడా మేం తిన్నాం. పల్లె అంతా కాగితం పట్టుకు తిరిగినదాన్ని, మా అటక మీద ఏముందో చూడలేదు. ముగ్గురం ఆ డబ్బా చుట్టూ నిలబడిపోయాం. నాన్న, "ఎన్ని ఇచ్చానో గుర్తు లేదే," అన్నాడు.

డబ్బాలు పాతిపెట్టే రోజు నాన్న పిలవకుండానే గునపం భుజాన వేసుకుని వచ్చాడు. బావులకు దూరంగా, బీడు చివర గొయ్యి తవ్వారు. పల్లెవాళ్ళూ, ఊరివాళ్ళూ తెచ్చిన డబ్బాలను గునపంతో పొడిచి అందులో పడేస్తున్నాం. మేడం ఒక్కో బిందె ఇచ్చి జాబితాలో గుర్తు పెడుతోంది. నాన్న ఆమె ముందుకు వెళ్ళి నిలబడ్డాడు. ఆమె ముఖంలోకి చూసి, "నువ్వు మా పల్లె ఏసోబు కూతురివి కదూ," అన్నాడు. అని, ఒక్క క్షణం ఆగి, "మీరు," అని దిద్దుకున్నాడు.

"అవునండి," అంది మేడం. "మా అమ్మ మీ మిరపచేలో పనిచేసేది. పదేళ్ళప్పుడు నన్ను హాస్టల్లో చేర్చారు."

నా చేతిలో డబ్బా అలాగే ఉండిపోయింది. మా ఇంట్లో గుమ్మం దాటి కూర్చుని మజ్జిగ తాగిన మనిషి. చిన్నప్పుడు ఆ గుమ్మం బయట నిలబడిన పిల్ల. ఒక్క మాటైనా చెప్పలేదు. తిరిగి వస్తూ, "మా ఊరే ఎందుకు ఎంచుకున్నారు మేడం?" అని అడిగాను. "నాకు దారి తెలిసిన ఊరు కదా," అంది, అంతే.

కానీ ఆ రోజు నాకు అన్నిటికంటే లోతుగా దిగింది అది కూడా కాదు. మరియమ్మ అందరికంటే చివర వచ్చింది. డబ్బా గోతిలో వేసి, కొత్త బిందె తీసుకుని, వెళ్ళకుండా నిలబడింది. "సుగుణమ్మా, నా పెద్దది దీనివల్లే పోయిందా?" అని అడిగింది.

నాన్న గునపం మీద చేతులు వేసి తల దించుకున్నాడు. కాదని చెబితే బాగుండునని నేను లోపల మొక్కుకున్నాను.

"నాకు తెలియదు మరియమ్మా," అంది మేడం. "అవునన్నా, కాదన్నా నీకు అబద్ధం చెప్పినట్టే."

మరియమ్మ అక్కడే మట్టిలో కూలబడింది. మేడం జాబితా నాకు ఇచ్చి, ఉతికిన చీరతో ఆమె పక్కనే మట్టిలో కూర్చుంది. భుజం మీద చేయి వేయలేదు, ఓదార్పు మాట చెప్పలేదు. ఎండ నెత్తికెక్కింది. బస్సు వచ్చి వెళ్ళిపోయింది. మరియమ్మ తనంతట తాను లేచేదాకా ఆమె లేవలేదు.

ఆ వేసవి తరగతులు ఇంకో నాలుగేళ్ళు నడిచాయి. ఆమెకు బదిలీ అయ్యాక ఆగిపోయాయి. ఆమె చనిపోయి కూడా చాలా ఏళ్ళయింది. నేను జిల్లా ఆరోగ్యశాఖలో నీటి పరీక్షల విభాగంలో చేరి, అందులోనే రిటైరయ్యాను. ఊళ్ళ నుంచి సీసాల్లో నీళ్ళు వచ్చేవి. వాటి వెంట మనుషులు వచ్చేవాళ్ళు. కాళ్ళు వంకరపోయిన కొడుకును వెంటబెట్టుకుని, నిలవని కడుపులను తలుచుకుని, "ఈ నీళ్ళవల్లేనా అమ్మా?" అని అడిగేవాళ్ళు. చాలాసార్లు జవాబు నా దగ్గర ఉండేది కాదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒకసారి రిపోర్టు చేతిలో పెట్టి, పక్క గదిలో పని ఉన్నట్టు లేచి వెళ్ళిపోయాను. తలుపు దాకా వెళ్ళి ఆగాను. వెనక్కి వచ్చాను. ఆ తరవాత ఎప్పుడూ అలా వెళ్ళలేదు. తెలియదు అని చెప్పేదాన్ని. చెప్పి, నా కుర్చీ బల్ల దాటించి వాళ్ళ వైపుకి లాక్కుని, వాళ్ళు లేచేదాకా పక్కనే కూర్చునేదాన్ని.