ఖాళీ డబ్బా మూత

నిన్న రాత్రి భోజనాల వేళ ఫోన్‌లో పాట మొదలవగానే మూడేళ్ళ మా బాబు నోరు తెరిచాడు. నా చేతిలో ముద్ద లేదు. పప్పన్నం ఇంకా కలపనే లేదు. వాడు నన్ను చూడలేదు, కంచాన్నీ చూడలేదు. పాట సాగుతోంది, నోరు అలాగే తెరిచి ఉంది. పక్కన వాళ్ళక్క వాడి తెరిచిన నోరు చూపించి నవ్వింది. "మమ్మీ, చింటూ మూ ఖోల్‌కే బైఠా హై."

మా అత్తయ్యది కరీంనగర్ వైపు. "గట్ల చూస్తవేంది? జల్ది పెట్టు. పాట అయిపోతే మల్ల మూస్తడు," అన్నారు.

పెట్టలేకపోయాను. సత్యంగారి టేబుల్ మీది చేపలు గుర్తొచ్చాయి.

పెళ్ళికి ముందు, జువాలజీ డిగ్రీ అయ్యాక, సూరత్ పక్కన కిమ్ అనే ఊరి దగ్గర రొయ్యల మేత తయారుచేసే ఒక కంపెనీలో పనిచేశాను. సత్యంగారు మా ల్యాబ్ పెద్ద, భీమవరం మనిషి. సూరత్‌లో పుట్టి పెరిగిన నా మాట విని మొదటి రోజే, "నీ తెలుగులో సగం హిందీ, సగం గుజరాతీ. మిగతాదంతా బావుందమ్మాయ్," అన్నారు. ఆయన టేబుల్ మీద గాజుతొట్టిలో చిన్న చేపలుండేవి. ఒకరోజు వాటికి మేత వేసి, అవి తిని కిందికి దిగాక, ఖాళీ డబ్బా మూతను తొట్టి అంచు మీద టకటకా కొట్టారు. చేపలన్నీ పైకొచ్చి నోళ్ళు తెరిచాయి.

"ఇప్పుడే తిన్నాయి కదా సార్?"

"తిన్నాయి. ఇది ఆకలి కాదు, ఆశ. తలలో రెండిటి గదులూ వేరు. ఆకలి గది తలుపు కడుపు కొడుతుంది. ఆశ గది తలుపు ఎవరైనా కొట్టొచ్చు, ఈ మూతతో కూడా."

ఆయనేమీ ఆ ఆశకు అతీతులు కారు. రొయ్యల చెరువులు చూసి తిరిగి వచ్చేటప్పుడు రోడ్డు పక్కన లోచో అనే సూరత్ శనగపిండి టిఫిన్ బండి కనిపిస్తే జీపు దానంతటదే ఆగేది. ఇంటి క్యారియర్ ఖాళీ చేసిన గంటలోపే, వేడి లోచో మీద నూనె, సేవ్ అనే సన్న కారప్పూస వేయించుకుని నించునేవారు. "కడుపు చాలంటోందమ్మా. ముక్కు వినట్లేదు," అని మరో ప్లేటు చెప్పేవారు.

కానీ చెరువుల దగ్గర మాత్రం మొండి మనిషి. మేత కొంచెం పళ్ళెంలో పెట్టి నీళ్ళలోకి దించి, కాసేపయ్యాక పైకి లాగి ఎంత మిగిలిందో చూడటం మా పద్ధతి. ఒకసారి పళ్ళేలన్నీ మేతతో నిండుగా అలాగే పైకొచ్చాయి. మాకు అందరికంటే పెద్ద ఖాతా ఆ చెరువు యజమానిదే. వాసనకు రొయ్యలు ఎగబడే నూనె ఏదైనా కలపమని, లేకపోతే వేరే కంపెనీకి పోతానని ఆయన పట్టుబట్టాడు. సత్యంగారు వల విసిరించి ఒక రొయ్యను నా అరచేతిలో పెట్టారు. తడి కాగితంలా మెత్తగా ఉంది.

"పొట్టు విడిచింది. ఈ ఒకటి రెండు రోజులు దాని తలే నోటికి తాళం వేస్తుంది. ఇప్పుడు ఆశ పెట్టి తినిపిస్తే ఎవరి మాట కాదన్నట్టు?" అని నన్నడిగి, యజమాని వైపు తిరిగారు. "దో దిన్ రుకో భాయ్, రెండ్రోజులు ఆగండి. మీకంటే నాకే ఎక్కువ భయంగా ఉంది."

ఆ భయంతోనే ఆగారు. మూడోనాడు పళ్ళేలు ఖాళీగా పైకొస్తే, జీపెక్కి నన్ను నేరుగా లోచో బండి దగ్గరికి తీసుకెళ్ళారు.

ఇప్పుడాయన లేరు. బాబు బరువు తక్కువని డాక్టరు అన్నప్పటి నుంచి నాకు నిద్ర లేదు. జ్వరంలో ఒకపూట తినిపించడానికి పెట్టిన ఫోన్ ప్రతి పూటా నిలిచిపోయింది. వాడు నాలుగు ముద్దలు ఎక్కువే తింటున్నాడు, నిజమే. కానీ ఆ ముద్దలు అడుగుతున్నది ఎవరో నిన్న రాత్రి చూశాను. ఫోన్ తీసేస్తే అవీ పోతాయేమోనని ఇది రాస్తున్నప్పుడు కూడా భయంగానే ఉంది. భయపడుతూ కూడా ఆగవచ్చని ఆయన దగ్గరే చూశాను.

ఈ ఉదయం ఫోన్ బీరువాలో పెట్టి, ఇద్దరి ముందూ చిన్న గిన్నెల్లో కొంచెం కొంచెం ఉప్మా ఉంచి చెప్పాను. "ఇవాళ పాట లేదు. ఆకలేస్తే తినండి. ఇంకా కావాలంటే అడగండి. చాలనిపిస్తే లేవండి, అమ్మ కోప్పడదు. మీ కడుపు ఏమంటోందో నాకు వినపడదు నాన్నా, మీరే విని నాకు చెప్పాలి."