ప్లాస్టర్ అంచు లేపిన మధ్యాహ్నం

ఆ ప్లాస్టర్ అంచు గోటితో లేపి చూసింది నేనే. డైరీలో రాసుకున్నాను గానీ ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. ఈ ఉదయం మా ల్యాబ్‌లో నేను టీ తాగి వచ్చేలోగా కంప్యూటర్ ఒక పెట్టెడు వీడియోల్లోని రక్తపు గడ్డలన్నీ కొలిచి పెట్టేసరికి, అదంతా మళ్లీ గుర్తొచ్చింది.

నేను చేరిన కొత్తలో ఆ కొలతలు చేత్తోనే. మత్తులో ఉన్న చిట్టెలుక సన్నని రక్తనాళానికి చిన్న గాయం చేస్తే, అక్కడ గడ్డ కట్టడం మైక్రోస్కోప్ కింద ఆకుపచ్చగా మెరుస్తూ వీడియోలోకి ఎక్కేది. బొమ్మ బొమ్మకూ ఆపి దాని చుట్టూ గీత గీయడం మా పని. నాకు నేర్పింది చిలకలగూడ నుంచి వచ్చే అక్క, రిటైర్మెంట్ దగ్గరపడిన మనిషి. నోరు విప్పని నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, తన డబ్బాలోని సర్వపిండి సగం తుంచి పెట్టి, గడ్డ అంచు ఎక్కడ ఆగుతుందో ఓపిగ్గా చూపించేది. ఏ ఎలుకకు గడ్డ పెరగనివ్వని మందు ఇచ్చారో గీసేవాళ్లకు తెలియకూడదని వీడియో డిస్కుల లేబుళ్ల మీద తెల్ల ప్లాస్టర్ అంటించి అంకెలు వేసేదీ ఆమే.

ఆ ఏడాది నాన్నకు కాలిలో రక్తం గడ్డకట్టింది. మెట్టుగూడ ఇంట్లో ఆయన వాచిన కాలు దిండు మీద పెట్టుకుని పడుకుంటే, మేం పరీక్షిస్తున్న మందు పనిచేయాలని నాకు ఎంత ఆశో. ఒక మధ్యాహ్నం అక్క చేతులు కడుక్కోవడానికి వెళ్లినప్పుడు ప్లాస్టర్ లేపి కింద లేబుల్ చదివాను. ఆ తర్వాత మందు ఇచ్చిన ఎలుకల గడ్డల చుట్టూ నా గీత, నాకు తెలియకుండానే, కాస్త లోపలికి జరిగింది.

కొన్నాళ్లకు కంప్యూటర్‌తో కొలిచే పద్ధతి వచ్చింది. పాత వీడియోలన్నీ దానికిస్తే మా గీతలతో చక్కగా సరిపోయాయి, ఆ ఒక్క గుంపు తప్ప. మందు పనిచేయలేదని తేలింది. రిజిస్టర్‌లో మా ఇద్దరి సంతకాలూ ఉన్నాయి కాబట్టి, ఎవరు గీశారని ల్యాబ్ నడిపే సార్ అందరి ముందూ అడిగారు. అక్క లేచి నిలబడింది.

“నేనే సార్. ఈ నడుమ కండ్లు జెర మసకైతున్నయ్.”

సార్ కోప్పడలేదు గానీ, గీసే పని తప్పించి ఆమెను స్లైడ్లు కడిగే చోటికి పంపారు. రిటైరయ్యేదాకా ఆమె అక్కడే. చెప్పేయాలని రోజూ బయల్దేరేదాన్ని, రోజూ డైరీలోనే రాసుకునేదాన్ని.

ఇప్పుడు గీసేవాళ్లు లేరు. కంప్యూటర్‌కు ఇంట్లో ఎవరూ జబ్బు పడరు, దాని లెక్క ఎటూ ఒరగదు, మంచిదే. కానీ ఒక్క అంచు గురించి పావుగంట వాదించుకుంటూ, సర్వపిండి పంచుకుంటూ పనిచేసిన ఆ గదిలో ఇప్పుడు ఏసీ చప్పుడే వినిపిస్తుంది.

వీడ్కోలు రోజు ఆమె సంచీ గేటు దాకా మోసుకెళ్లాను. ఆమెను చూడడం అదే ఆఖరు. ఆటోలో సర్దుకుని కూర్చుని, సంచీ అందుకుంటూ అక్క నా చేయి ఒక్క క్షణం పట్టుకుంది.

“నా కండ్లకేం కాలే బిడ్డా. నాయిన కాలు ఎట్లుంది ఇప్పుడు?”