అక్క గుంత దాటిన మధ్యాహ్నం

దయ్యాలు, మహిమలు నేను ఏనాడూ నమ్మలేదు. బొమ్మనహళ్ళిలో నా ప్లాస్టిక్ సామాన్ల అంగడి ఉన్న గదిలో ఎవరో తిరుగుతారని వీధంతా చెప్పుకునేవాళ్లు. ఆ పుకారునే ఓనరు ముందు పెట్టి అద్దె తగ్గించుకున్న మనిషిని. తిరిగేవాళ్లు నిజంగా ఉంటే నాకు మేలే చేశారు. అలాంటి నేనే ఇది రాస్తున్నాను.

మా అక్కది పక్క వీధిలో గాజుల అంగడి. అమ్మ తర్వాత తనే నడుపుతోంది. గాజులు తొడగడం పూర్తిగా బొటనవేలి పని. ఎదుటివాళ్ల చేతిని ముడిచి, కణుపులు నొక్కుతూ, నొప్పి తెలియకుండా గాజు జార్చాలి. పోయిన ఏడాది పక్షవాతం వచ్చి అక్క కుడిచేయి పడిపోయింది. మాట, నడక తిరిగొచ్చాయి. చేయి రాలేదు. ఫిజియోథెరపీ అమ్మాయి రబ్బరు బంతి ఇచ్చి నొక్కమంటే ముఖం తిప్పుకునేది. అంగడి ఎవరికైనా ఇచ్చేద్దామని కూడా అనేసింది.

నాకు తోచిన వైద్యం ఒకటే. చిన్నప్పుడు మేమిద్దరం టీవీకి తగిలించి ఆడిన వీడియో గేమ్. ఎర్రచొక్కా బుల్లిమనిషి గుంతలు దూకుతూ, గోడలెక్కుతూ పోతుంటాడు. ఒకరు ఓడితే ఇంకొకరి వంతు. అలాంటి సెట్టే చందాపురలో పాత సామాన్ల అంగట్లో దొరికింది. ఒక రిమోట్‌తో ఆడి చూసుకుని బేరంలోకి దిగాను. చెప్పిన ధర సగానికి లాగి, పైగా రెండో రిమోట్ ఊరికే వేయించుకుని, ఊరు గెలిచినట్టు ఇంటికొచ్చాను.

రోజూ మధ్యాహ్నం అక్క దగ్గర కూర్చునేవాణ్ని. రెండో రిమోట్ ఆమె ఒళ్లో పెట్టి, బటన్ మీద కుడి బొటనవేలు ఆనించేవాణ్ని. నా వంతులో నేను మొదటి గుంతలోనే పడేవాణ్ని.

“ఇన్నేండ్లయినా అదే గుంతనా? కండ్లు ముందుండాయా నీకు, వెనకుండాయా?” అనేది అక్క.

“నువ్వు దాటి చూపించక్కా.”

“చేయి ఉండాది. దాంట్లో నేను లేనప్పా.”

ఆమె వంతులో బుల్లిమనిషి నిలబడే ఉండేవాడు. బాగున్న ఎడమచేతిని కూడా కదిపేది కాదు, అంత విసుగు. టైమ్ అయిపోయి మళ్లీ నా వంతు వచ్చేది.

ఒకరోజు ఆమె వంతులో నేను బత్తాయి ఒలుస్తున్నాను. నా రిమోట్ స్టూలు మీద ఉంది. తెరమీద బుల్లిమనిషి గుంత అంచుదాకా వెళ్లాడు. కొంచెం వెనక్కి వచ్చి, పరుగెత్తి దూకాడు. చిన్నప్పుడు అక్క దూకే పద్ధతి అదే.

“ఒరే, చూడరా!”

చేతివైపు చూశాను. బొటనవేలు వణుకుతూ బటన్‌ను నొక్కుతోంది. ఇంకో గుంత దాటాక పడిపోయాడు. అక్క ఏడవలేదు. “ఆ బంతి యాడ పెట్టినావ్?” అంది.

ఆ రోజునుంచి బంతి వదల్లేదు. వేలికి బలం వచ్చింది. కానీ ఆటలో ఎంత నొక్కినా బుల్లిమనిషి మళ్లీ కదల్లేదు. స్క్రూడ్రైవర్‌తో రిమోట్ విప్పాను. లోపల ఏమీ లేదు. వైరు లోపలే తెంపి, ఊడిరాకుండా ముడేసి ఉంది. పైన బటన్లు, కింద ఖాళీ డబ్బా.

రోషంగా చందాపుర వెళ్లి అంగడివాణ్ని నిలదీశాను.

“అన్నా, మీరడిగిన రేటుకు ఒకటే వస్తాది. రెండోది ఖాళీది, జతకు ఉండనీ అని అప్పుడే చెప్పినా. మీరు ఇంకా తగ్గించమని అరుస్తా ఉండారు, యాడ వింటారు?”

చెప్పే ఉంటాడు. బేరంలో ఉంటే నాకు ధర తప్ప ఏదీ వినబడదు. పనిచేసే రిమోట్ ఒకటి, అడిగినంత ఇచ్చి తీసుకున్నాను. అతనే అనుమానంగా నోటును వెలుగుకెత్తి చూశాడు.

ఆ సెట్‌ను ఎవరూ ముట్టకుండా చాలాసార్లు వదిలి చూశాను. తనంతట తాను ఆడదు. వేలు కదలడం వైద్యం వల్లే అనుకుంటాను. తెరమీద దూకింది ఎవరో మాత్రం ఎంత ఆలోచించినా తేలలేదు. అక్కకు అంతా చెప్పాను. “నేనే దూకినా” అంది. ఆ మాటమీద బేరం పెట్టకుండా, పనిచేసే రిమోట్ ఆమె ఒళ్లో పెట్టాను.

పోయిన వారం నేను వెళ్లేసరికి అక్క అంగట్లో కూర్చుని, గార్మెంట్స్ ఫ్యాక్టరీలో పనిచేసే ఒక అమ్మాయికి గాజులు తొడుగుతోంది. వేలు ఇంకా కొంచెం వణుకుతుంది. ఒక గాజు పగిలింది. అమ్మాయి ఉలిక్కిపడి చేయి వెనక్కి తీసుకుంది.

“చేయి బాగున్నప్పుడూ పగుల్తా ఉండెలేమ్మా, ఇటియ్యి” అంటూ అక్క ఇంకో గాజు అందుకుంది.