గేమ్ వచ్చేదాక

మొన్న కామారెడ్డి బస్సుల పక్కసీట్ల అవ్వ సంచి విప్పంగనే తంబాకు వాసన గుప్పుమన్నది. నా వేళ్లు వాటంతటవే ముడుచుకున్నయి.

నాకు పదకొండేండ్లప్పుడు ఎల్లారెడ్డిల ఎండకాలమంతా అమ్మ చుట్టి చాటల వేసిన బీడీల మూతులు మడుచుకుంట కూసున్న. పిట్లంల ఉండే మేనత్త బిడ్డతోని ఫోన్ల కలిసి ఆడే కొత్త గేమ్ వస్తదన్నరు.

"అది వచ్చిన్నాడు నీకు సెలవు బిడ్డా. గప్పటిదాక చాట ముందలికెళ్లి లేస్తే ఊకోను," అన్నది అమ్మ.

గేమ్ వాయిదా పడ్డది. మళ్ల పడ్డది. ఫోన్ల ఆ గేమ్ వీడియో కింద కామెంట్లల్ల అందరు తిట్టుడే తిట్టుడు. నాకు మాత్రం సంగతి సమజైందనిపించింది. కార్ఖానల సరుకు చూసే సారు బాగలేని బీడీలు విరిచేసి, మళ్ల చుట్టుకరమ్మని అమ్మను వాపసు పంపుతడు. గేమ్ చేసేటోళ్లకు గూడ గసొంటి సారే ఉన్నడనుకున్న.

"అన్నా, ఈసారన్న తీసుకొమ్మని మీ సారుకు జర చెప్పుండ్రి. నేను చాట ముందట ఇరుక్కపోయిన," అని నేను గూడ ఆ కామెంట్లల్ల రాసిన. మస్తుమంది నవ్విన్రు.

ఆఖరికి గేమ్ వచ్చింది. పొద్దంతా ఆడిన. నా వంతు మూతులు గూడ అమ్మనే మడిచింది.

అమ్మ సెలవుకు ఎవ్వరు తేదీ చెప్పలేదు. అందుకే అది వాయిదా పడుతున్నదని నాకెన్నడు తట్టలేదు.