చక్రం మీది పసుపు

తొంభైల మొదట్లో మాట. అప్పుడు మేము చూలైలో ఉండేవాళ్ళం. మా ఆయన నాలుగు చక్రాలతోనూ లాగే పాత జీపు ఒకటి కొని, గుడిలో పూజ చేయించాడు. ఆ సాయంత్రమే నన్నూ అత్తయ్యనూ ఎక్కించుకుని, ఎన్నూరు సముద్రపు ఒడ్డున బండిని ఇసుకలోకి దించాడు. కాస్త దూరం పోగానే వెనక చక్రాలు కూరుకుపోయాయి.

ఇసుకలో ముందు చక్రాలు కూడా లాగాలంటే, వాటి మధ్యనున్న బిళ్ళలు చేత్తో తిప్పాలని జీపు అమ్మినతను మా ఇద్దరికీ చూపించాడు. అదే గుర్తు చేశాను.

“పూజారి పసుపు పూసి బొట్టు పెట్టిండేది ఆడనే. శుక్రవారం పూటా దాన్ని చెరుపుతావా? దిగి తొయ్యి!” అని కసిరాడు.

పట్టుచీర ఎగ్గట్టి తోశాను. మొహం నిండా ఇసుక కొట్టింది. మోకాళ్ళ నొప్పులతో దిగలేని అత్తయ్య లోపల ఏడుస్తోంది. ఇంతలో ఒక అల వచ్చి చక్రాలను తడిపింది. అయినా ఆయన స్టీరింగు వదలడు, బిళ్ళ ముట్టనివ్వడు.

నాకు ఒళ్ళు మండిపోయింది. “మీ అమ్మకంటే పసుపు ఎక్కువా?” అని అరిచి, అరచేత్తో ఆ పసుపంతా తుడిచి రెండు బిళ్ళలూ తిప్పేశాను. జీపు ఒక్క ఊపున బయటపడింది.

ఇంటికి రాగానే ఆయన ఇరుగుపొరుగును పిలిచి, “అంతా పూజ మహిమ!” అన్నాడు. నేను పసుపు అంటిన చెయ్యి ఆయన ముందు చాపాను.

“కడుక్కోని వచ్చి అన్నం పెట్టు” అన్నాడు.

ఆ జీపు ఎప్పుడో అమ్మేశాం. ఆ కోపం మాత్రం ఇంకా నా దగ్గరే ఉంది.