చెరువు నీళ్లు బతికే ఉన్నాయా

ఆ పొద్దున అక్క తన రొయ్యల చెరువు నీళ్లు సీసాలో పట్టుకుని, రేపల్లె నుంచి బస్సెక్కి తెనాలిలో మా ఇంటికి వచ్చింది. ముందురోజు నుంచి రొయ్యలు మేత సరిగ్గా ముట్టడం లేదట. అమావాస్య దగ్గరపడింది కాబట్టి పెంకు విడుస్తూ తిండి తగ్గించాయా, లేక నీళ్లలోని సూక్ష్మజీవులు చచ్చి చెరువే చెడుతోందా? మొదటిదైతే ఆగొచ్చు. రెండోదైతే ఎదగని రొయ్యల్నే పట్టి అమ్మేయాలి. కొనే ఆయన మర్నాటికి బండి సిద్ధం చేసి పెట్టాడు.

నేను కాలేజీ మెట్లెక్కలేదు. కాంతి గురించి తెనాలి లైబ్రరీలో ఉన్నవన్నీ చదివి, అక్కడ దొరకనివి బాపట్ల వెళ్లి చదివి హోలోగ్రాం సంగతి, అంటే కాంతి గీసిన గీతల ఫొటో నుంచి వస్తువు రూపం, లోతు రాబట్టే పద్ధతి నేర్చుకున్నాను. లెన్సు ఊడదీసిన వెబ్‌క్యామ్, లేజర్ లైటు, సూదితో చిల్లు పొడిచిన రేకు. నా యంత్రమంతా ఇంతే. మామూలు మైక్రోస్కోపులో కదిలే పురుగు వెంట పడాలి. ఇందులో నీటి మందమంతా ఒకే ఫొటోలో పడుతుంది, వెతకడం తర్వాత కంప్యూటర్లో తీరిగ్గా చేసుకోవచ్చు.

గాజుపలకల మధ్య నీళ్లు పోసి వరుసగా ఫొటోలు తీశాను.

"ఏంటిరా ఇవి, ఉల్లిచక్రాల్లా?" అంది అక్క.

"నలుసుకి తగిలి చెదిరిన కాంతి, నేరుగా వచ్చిన కాంతి కలిసి గీసిన గీతలు. ఆ చక్రాల తీరుని బట్టి నలుసు ఎంత లోతులో ఉందో లెక్క కట్టొచ్చు."

"పాఠం తర్వాత చెబుదువుగానీ, బతికున్నాయా లేదా?"

కంప్యూటర్లో లెక్క నడిపాను. చక్రాలు దగ్గరపడి చుక్కలయ్యాయి. ఫొటోలు ఎన్ని మార్చినా ఆ చుక్కలు ఉన్నచోటే ఉన్నాయి. అక్క మొహం వాడిపోయింది.

"అయితే పోయినట్టే" అంటూ ఫోన్ తీసింది.

"ఆగక్కా. లెక్కలో ఇంకా గాజు లోతు దగ్గరే ఉన్నాం. ఇదంతా పలక మీది దుమ్ము, నేనే సరిగ్గా తుడవలేదు."

లోతు అంకె పెంచుకుంటూ పోయాను. దుమ్ము మసకబారింది. నీటి నడిమికి వచ్చేసరికి తోకలున్నవి, కాళ్లున్నవి తేటగా కనిపించాయి. ఫొటో మార్చితే ఒకటి పక్కకి జరిగింది, ఇంకొకటి కింది పొరకి దిగింది.

"ఇదిగో, ఇది ఇందాక ఇక్కడ లేదు!" అని అక్క తెర మీద వేలు పెట్టింది.

"నీళ్లు బతికే ఉన్నాయి. రొయ్యల సంగతి మాత్రం నా యంత్రానికి తెలీదు."

"అది నాకు తెలుసులే, పెంకు విడుస్తున్నాయంతే" అని కొనే ఆయనకి ఫోన్ చేసింది. "అన్నయ్యగారూ, రేపు బండి పంపకండి."

"రేటు పడిపోద్ది చెల్లెమ్మా, తర్వాత నన్ననకు" అన్నాడాయన.

"పడితే పడనివ్వండి. ఇంకా ఎదిగేవాటిని ఇప్పుడే ఎందుకు పడతానండి?"

ఫోన్ పెట్టేసి, మేత తగ్గించమని బావకి చెప్పడానికి ఇంకో నంబరు నొక్కింది.