ఒకే మందు, మూడు పేర్లు

చెరుకు సీజనొస్తే మా మేనమామ ఇంట్లో ఉండడు. బుచ్చయ్యపేట దగ్గర పొలంలో గానుగ ఆడించి బెల్లం వండిస్తాడు. పాకం పదును చూసే పని ఇంకెవరికీ అప్పగించడు. ఆ ఏడాది బెల్లం వంటల మధ్యలో జ్వరం పట్టుకున్నా పొయ్యి దగ్గర్నుంచి కదల్లేదట.

నేను పరవాడ వైపు ఒక మందుల కంపెనీ ల్యాబులో పనిచేస్తాను. కొత్త మందు కాలేయంలోకి వెళ్ళాక దేనిగా మారుతుందో చూడడం మా పని. ఉండేది దగ్గర్లోని చోడవరంలో కాబట్టి ఆదివారం మావయ్య ఇంటికి వెళ్తుంటాను.

ఆ ఆదివారం వెళ్ళేసరికి ఆయన మంచం మీద ముడుచుకుని ఉన్నాడు. అన్నం వాసన పడడం లేదు. తాగిన నీళ్ళు కూడా కక్కేస్తున్నాడు. జ్వరం తగ్గింది, తిండే సయించడం లేదని అత్త చెప్పింది. ఏం మందులు వాడారని అడిగితే గూట్లోంచి బిళ్ళల అట్టలు తెచ్చి నా ముందు పెట్టింది. ఊళ్ళో ఆరెంపీ డాక్టరు జ్వరానికిచ్చినవి, మెడికల్ షాపులో జలుబుకి కొన్నవి, ఒళ్ళు నొప్పులకి పక్కింటాయన ఇచ్చినవి. పేర్లు వేరు, రంగులు వేరు. వెనక్కి తిప్పి చిన్న అక్షరాలు చదివాను. అన్నిట్లోనూ ఉన్నది పారాసిటమాలే. తొందరగా తగ్గాలని అన్నీ కలిపి వేసుకున్నాడట, అదీ సరిగ్గా తిండి లేకుండా, రోజుల తరబడి.

వెంటనే ఆటో పిలిచాం. ఎక్కాక కూడా ఆయన తల బయటికి పెట్టి, పాకం ఎప్పుడు దించాలో, చూడడానికొచ్చిన పనివాళ్ళకి చెబుతూనే ఉన్నాడు. చోడవరంలో డాక్టరుగారు నేను చెప్పింది విని, రక్తపరీక్ష చేయించి, కాలేయం దెబ్బతింటోందని విశాఖ పంపేశారు. అక్కడ విరుగుడు మందు సెలైన్లో ఎక్కించారు. రిపోర్టులు వచ్చినప్పుడల్లా అత్త నా మొహం చూసేది, నేను డాక్టరు మొహం చూసేదాన్ని.

నాలుగు రోజులు గడిచాక మావయ్య లేచి కూర్చుని ఇడ్లీ అడిగాడు. తిని, నన్ను దగ్గరికి పిలిచాడు.

“జొరానికేసిన బిళ్ళ ఇసమెలాగయిపోనాదే గుంటా?”

మింగినప్పుడు అది విషం కాదని చెప్పాను. కాలేయం దాన్ని మార్చి బయటికి పంపేస్తుంది. ఆ మార్పులో కొంచెం మాత్రం చెడ్డ పదార్థంగా తయారవుతుంది. దాన్ని విరిచే సరుకు కాలేయం దగ్గరే ఉంటుంది గానీ, మోతాదు మీరినా, తిండి లేకపోయినా అది అడుగంటుతుంది. ఎక్కించిన విరుగుడు ఆ సరుకునే మళ్ళీ నింపుతుంది.

ఆయన దాన్ని బెల్లం వంటలోకి మార్చుకున్నాడు.

“అంటే మడ్డి. రసం మరిగితే మడ్డి తేల్తాది. తీసీవోడు తీస్తన్నంతసేపూ పర్లేదు. మీద మీద రసం పోసేస్తే ఆడు మాత్రం ఏటి సేస్తాడు? మరి మడ్డి రాని మందు సెయ్యలేరా మీరు?”

నాకు నవ్వొచ్చింది. అచ్చంగా అదే మా ఉద్యోగమన్నాను. కొత్త మందుని కాలేయ కణాలతో కలిపి, ఎక్కడ చెడుగా మారుతోందో పట్టుకుంటాం. తయారుచేసేవాళ్ళు ఆ చోటు మార్చి ఇస్తే మళ్ళీ చూస్తాం. కుదరకపోతే ఆ మందు మనుషుల దాకా రాకుండానే ఆపేస్తాం, చాలావాటికి అదే గతి.

“పారేసిన మందుక్కూడా జీతమిస్తారేటే?”

ఇస్తారన్నాను. పక్క మంచం మీదాయన కూడా నవ్వేశాడు.

మావయ్య కోలుకున్నాడు. ఇప్పుడు జ్వరమొస్తే బిళ్ళ వేసుకుంటాడు, కానీ ఒకే రకం, డాక్టరు చెప్పినంతే. ఊళ్ళో ఎవరి చేతిలో అట్ట కనబడినా లాక్కుని వెనక్కి తిప్పుతాడు. మొన్న రావికమతంలో పెళ్ళికి వెళ్ళి, దగ్గుతున్న పెళ్ళికూతురి తండ్రి జేబులోంచి బిళ్ళలు తీయించి, భోజనాల దగ్గర్నుంచే నాకు వీడియో కాల్ చేశాడు. అట్ట ఫోనుకి మరీ దగ్గరగా పెట్టడంతో నాకేమీ కనబడలేదు.

“ఆ పారాసిటమాలుగాడు దీన్లో కూడా ఉన్నాడేటో సూసి సెప్పు. ఇక్కడ ఈయన బిళ్ళ నోట్లో ఏసుకోకుండా సెయ్యట్టుకుని కూకున్నాను.”